ఇంటికా, కారుకా, ప్రయాణానికా

ప్రేమలత గడప దాటే ప్రతిసారీ నేను ఒకటే అడుగుతాను. చార్జి ఉందా? ఆమె చెప్పులు వేసుకోవడం ఆపి, ఫోను నా కళ్ళ ముందు పెట్టి, మూలన ఉన్న అంకె చూపిస్తుంది. డెబ్బై రెండు. అరవై. ముప్పై అయితే ఇంకో అరగంట కూర్చోమంటాను. పక్కింటి హజరా బీ ఇది చూసి నవ్వుతుంది. వీరమ్మక్క ముందర కండక్టర్లు కూడా చాలరు, టికెట్టు లేనిదే కోడల్ని దిగనివ్వదు అంటుంది.

ఆమె నవ్వడానికి కారణం ఉంది. మా ఆదోనిలో చార్జి అంటే బస్సుకు ఇచ్చేది. ఫోనుకు ఎక్కేది చార్జింగు. నేను రెండింటినీ చార్జి అనే అంటాను. నోటికి అలవాటయింది. మార్చుకోవలసిన రోజు ఒకటి ఉండింది, అది దాటిపోయింది.

ఆరేళ్ళ కిందట నా కొడుకు సుధాకర్ జిన్నింగు మిల్లు పని మీద ఎమ్మిగనూరు పోతుంటే, చార్జి ఉందా అని అడిగాను. ఉందిలేమ్మా అని జేబు తట్టి చూపించాడు. నేను అడిగింది ఫోను సంగతి. వాడు చెప్పింది బస్సు సంగతి. సాయంత్రం తిరుగు బస్సు కోసం ఆగలేక ఎవరిదో బండి వెనక ఎక్కాడు. వాన పడుతూ ఉండింది. మేము ఫోను చేస్తే స్విచ్ ఆఫ్ అని ఒక ఆడమనిషి చెప్పింది. ఎన్నిసార్లు చేసినా అదే గొంతుతో, అంతే మర్యాదగా చెప్పింది.

వాడు ఎవరో ఆసుపత్రి వాళ్ళకు తెలిసింది జేబులోని రేకుబిళ్ళతో. మిల్లులో పనిచేసే ప్రతి ఒక్కరికీ నంబరు కొట్టిన ఇనుప రేకుబిళ్ళ ఇచ్చేవారు. లోపలికి పోయేటప్పుడు ఒకసారి, బయటికి వచ్చేటప్పుడు ఒకసారి గేటు దగ్గర చూపించాలి. వాడిది నూట పన్నెండు. ఆసుపత్రి వాళ్ళు బిళ్ళ మీది మిల్లు పేరు చూసి అక్కడికి చెప్పారు, మిల్లు వాళ్ళు మాకు చెప్పారు. ఫోను చేయలేని పని ఆ బిళ్ళ చేసింది.

తరువాత వాడి బట్టలు ఇచ్చారు, చెప్పులు ఇచ్చారు, ఆరిపోయిన ఫోను ఇచ్చారు. బిళ్ళ రాలేదు. నాకు ఆ బిళ్ళ కావాలనిపించింది. ఎందుకని ఎవరైనా అడిగితే చెప్పలేను. తాను ఎవరో వాడు ఈ లోకానికి చివరిసారి చెప్పింది ఆ బిళ్ళతోనే అనిపించేది. దానికోసం ఎమ్మిగనూరు ఆసుపత్రికి మూడుసార్లు పోయాను. మూడోసారి అక్కడి నర్సు నా చేయి పట్టుకుని, లేదమ్మా, ఉంటే నీకు ఇయ్యమా అంది. ప్రేమలత కూడా నా పక్కనే ఉంది ఆ రోజు. తిరుగు బస్సులో కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది. నాలాగే ఏడుస్తోందనుకున్నాను. ఆ తరువాత నేను ఎమ్మిగనూరు బస్సు ఎక్కలేదు.

ఎక్కకపోయినా ఆ బస్సు బోర్డు నా కళ్ళ ముందే ఉంటుంది. నేను బడికి పోలేదు. చదువు నేర్చుకున్నది బస్టాండులో. పెళ్ళయిన కొత్తలో, ఇప్పుడు లేని నా మొగుడు హనుమన్న పత్తి లారీల వెంట ఊర్లు పోయేవాడు. సాగనంపడానికి పోయి, బస్సు కదిలిపోయిన తరువాత కూడా అక్కడే నిలబడి బోర్డుల మీది అక్షరాలు చూసేదాన్ని. ఎవరు ఏ బస్సులో పోయారో తెలియాలి కదా అని. మొదట చదవగలిగిన మాట ఎమ్మిగనూరు. ఆ తరువాత పత్తికొండ, సి.బెళగల్. ఆ తరువాత పొట్లం కాగితాలు, పేపర్లు, లైబ్రరీలో దొరికిన ప్రతి పుస్తకం. మనుషులు పోతూ పోతూ నాకు ఒక్కొక్క అక్షరం ఇచ్చి పోయారు.

ఇప్పుడు ప్రేమలత పోతోంది.

ఆమెకు ముప్పై ఒకటి. పిల్లలు లేరు. నా కొడుకు పోయిన తరువాత పుట్టింటికి పోకుండా ఆరేళ్ళు నాతోనే ఉంది. నైటీలు, లంగాలు కుట్టి ఇద్దరి తిండీ చూసింది. మళ్ళీ పెళ్ళి చేసుకోమని రెండేళ్ళు పోరింది నేనే. సి.బెళగల్‌లో ఉన్న ఆమె అన్న ఎమ్మిగనూరు సంబంధం తెచ్చినప్పుడు, వాళ్ళు ఏమైనా అనుకుంటారేమోనని ముందుగా సరే అన్నదీ నేనే. అబ్బాయి పేరు సామ్సన్. సొంత కారు నడుపుకుంటాడు. మాట నెమ్మది. నన్ను చూస్తే ఎట్లా పిలవాలో తెలియక దగ్గుతాడు. అన్నీ బాగున్నాయి. బాగున్నాయని చెప్పుకుంటూనే నేను రోజూ ఒకటే లెక్క వేసేదాన్ని. పెళ్ళయితే ఈ పిల్ల నాకు ఏమవుతుంది? కొడుకు లేని చోట కోడలు ఏమిటి? ఒక గంట ప్రయాణమే, నిజమే. కానీ రావడానికి ఆమెకు ఏ పేరూ ఉండదు. అడగడానికి నాకూ ఉండదు. మిగిలేది ఆ ఫోను ఒకటే.

ఆ ఫోను మీద నాకు నమ్మకం లేదు. పెళ్ళి కుదిరినప్పుడు సామ్సన్ ఇచ్చినది. ఒక డాక్టరు వాడిన ఫోను, వెనక అంతా గాజు. అన్నీ మంచివే కానీ వైరు దూర్చే బొక్క వదులైపోయింది. వైరు పెట్టి, దాని కింద అగ్గిపుల్ల పెట్టి, పైన సూదుల డబ్బా బరువు పెడితే ఎక్కుతుంది. ఎవరైనా గట్టిగా నడిస్తే ఆగిపోతుంది. కొత్త ఇంట్లో, కొత్త మనుషుల మధ్య, ఈ పిల్ల అగ్గిపుల్లలు వెతుక్కుంటూ కూర్చుంటుందా? ఒక రోజు ఎక్కదు, రేపు చేద్దాంలే అనుకుంటుంది. రేపటికి ఇంకో పని వస్తుంది. మనుషులు అట్లాగే దూరమవుతారు, కోపాలతో కాదు.

వైరు లేకుండా ఎక్కేవి వచ్చాయని, ఫోను దాని మీద పెడితే సూదంటురాయిలాగా పట్టుకుంటుందని హజరా బీ అక్క కొడుకు అర్షద్ చెప్పాడు. బస్టాండు ఎదురు సందులో వాడి ఫోన్ల అంగడి. పెళ్ళికి నేనిచ్చేది ఇదే అని అప్పుడే అనుకున్నాను. కానీ ఫోను తెస్తేనే ఏది సరిపోతుందో చెప్పగలనన్నాడు.

గురువారం పొద్దున, నా ఫోనులో గొంతు సరిగా వినపడడం లేదు, డాక్టరు దగ్గర అవసరమైతే నీది ఇస్తావా అని ప్రేమలతను అడిగాను. నాకు అబద్ధం చక్కగా రాదు. ఆమె మిషను ఆపి నన్నూ ఫోనునూ చూసింది. కాసేపు ఆలోచించి ఇచ్చింది.

"పౌచ్ తీయొద్దత్తా. అంచు పగిలినాది, తీస్తే మళ్ళ పట్టదు."

తీయనన్నాను.

హజరా బీ కూడా నాతో వచ్చింది. దారంతా భయపెట్టింది. మనిషి రక్తంలో ఇనుము ఉంటుందట, ఆ రాయి పక్కన పెట్టుకుని పడుకుంటే రక్తం ఒక పక్కకు లాగేస్తుందట. ఆ మాట అంగట్లో కూడా అంది. అర్షద్ తల ఎత్తకుండానే, అట్లయితే ఖాలా, నువ్వు ఈ పొద్దుకు నా షట్టరుకు అంటుకొని ఉండాల్సింది అన్నాడు. ఆమె వాణ్ణి తిట్టి, బెండకాయలు కొనాలని వెళ్ళిపోయింది.

అర్షద్ మూడు డబ్బాలు నా ముందు పెట్టాడు. వాటి మీద ఉన్నదంతా ఇంగ్లీషు, నాకు రాదు. బొమ్మలు ఉన్నాయి. ఒకదాని మీద ఇల్లు, ఒకదాని మీద కారు, ఒకదాని మీద ప్రయాణం పెట్టె. మొదటిది చిన్న పీటలాగా నిలబడి ఉంటుంది, మంచం పక్కన పెట్టుకుని ఫోను ఆనించాలి. రెండోది కారులో గాలి వచ్చే జాలీకి తగిలిస్తారు.

"ఎమ్మిగనూరు దారి గుంతల్లోనే పరీక్ష పెట్టినా పెద్దమ్మా. నా నడుము ఊడినాది గానీ ఫోను ఊడలే."

మూడోది అరచేతిలో పట్టే బ్యాటరీ. దాన్ని ముందే నింపి పెట్టుకుంటే చాలు, ఫోను వీపుకు అంటుకుని ఎక్కిస్తూనే ఉంటుంది. గోడ అక్కరలేదు, ప్లగ్గు అక్కరలేదు. సంకలో ఉన్న బిడ్డలాగా ఎక్కడికైనా ఫోనుతోనే వస్తుంది.

"ఇప్పుడు నువ్వు చెప్పాల. ఇంటికా, కారుకా, ప్రయాణానికా?"

వాడు అంగటి మాట అడిగాడు. నాకు మాత్రం ప్రేమలత ఎక్కడ ఉండబోతోందో నన్నే చెప్పమన్నట్టు అనిపించింది. ఇంటికి అంటే ఆమె ఆ ఇంట్లో కుదురుకుంటుంది, అది మంచిదే. కారుకు అంటే మొగుడి పక్కన కూర్చుని ఊర్లు తిరుగుతుంది, దారిలో ఫోను ఆరిపోదు. నా భయం అంతా దారి గురించే కాబట్టి అదీ మంచిదే. ప్రయాణానికి అంటే వస్తుంది, పోతుంది, మళ్ళీ వస్తుంది. నా చేయి ఆ మూడో డబ్బా మీదే ఉంది. అది నా కోరిక. పెళ్ళికూతురికి నా కోరికను కానుకగా ఇవ్వవచ్చా?

అంతలో ప్రేమలత ఫోను మోగింది. తెర మీద పేరు తెలుగులో ఉంది. ఎమ్మిగనూరు అత్త. సామ్సన్ తల్లి మేరమ్మ. నేను ఎత్తలేదు. అది మోగి మోగి ఆగిపోయింది.

మరి నేను ఎవరిని? అర్షద్ వేరే ఎవరి ఫోనుకో అద్దం అతికిస్తున్నాడు. నేను సంచిలోంచి నా బటన్ల ఫోను తీసి, ప్రేమలత నంబరు నొక్కాను. నా ముందున్న తెర వెలిగింది. అత్త. అంతే. ఊరు లేదు, పేరు లేదు, ఒట్టి అత్త. అది ఆగిపోయేదాకా చూస్తూ కూర్చున్నాను. సిగ్గు విడిచి చెబుతున్నాను, రెండోసారి కూడా చేశాను.

అర్షద్ వచ్చి ఫోను తీసుకుని ఇంటి పీట మీద ఆనించాడు. అంటుకుంది కానీ ఎక్కలేదు. తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది. కారుది పెట్టి చూశాడు, అదీ అంతే. ఫోను వెనక వేడెక్కింది. వాడు పౌచ్ మీద బొటనవేలితో తడిమాడు.

"లోపల ఏదో ఉండాది పెద్దమ్మా. బిళ్ళ మాదిరి. ఇనుము అడ్డం ఉంటే ఎక్కదు."

కొంతమంది పౌచ్ లోపల తాయెత్తు పెట్టుకుంటారని, కొంతమంది దేవుడి బొమ్మ పెట్టుకుంటారని, కాగితమైతే పరవాలేదని వాడు చెబుతున్నాడు. నాకు బిళ్ళ అన్న మాట తరువాత ఏదీ వినపడలేదు. తీయొద్దని మాట ఇచ్చాను. అయినా నా గోరు అంచు కిందికి పోయింది. పగులు ఏమీ లేదు. పౌచ్ చక్కగా ఊడి వచ్చింది. లోపల, గళ్ళచొక్కా గుడ్డముక్కలో పలచగా చుట్టి, టేపు అంటించి ఉంది. టేపు విప్పగానే అది నా వేళ్ళలోంచి జారి, టక్కుమని ఆ ఇంటి పీటకు అంటుకుంది.

ఆ చప్పుడు నాకు తెలుసు. ఇరవై మూడేళ్ళు విన్నాను. నేను పనిచేసిన మిల్లులో పత్తి గింజ తీసే మిషను దగ్గరికి పోయే దారిలో పెద్ద సూదంటురాయి ఒకటి వేలాడదీసి ఉండేది. పొలంలో పత్తితోపాటు మూటలోకి వచ్చిన మేకులు, తీగముక్కలు, కొడవలి మొనలు దానికి అంటుకునేవి. ఒక్క మేకు మిషనులో పడినా నిప్పు పుట్టి గోదాము మొత్తం అంటుకుంటుంది. మా ఆడవాళ్ళ పని పత్తిని చేతులతో విడదీసి ఆ రాయి కిందికి తోయడం. ఎంత మెత్తటి దూదిలో ఎంత లోతుగా దాగి ఉన్నా అది కనిపెట్టేది. టక్కుమనేది.

నూట పన్నెండు. మిల్లు పేరులో సగం చెరిగిపోయింది. అంకె చెరగలేదు.

అర్షద్ స్టూలు జరిపాడు, నీళ్ళు ఇచ్చాడు. ఎవరిదని అడిగాడు. మాదేనప్పా అన్నాను. వాడు ఇంకేమీ అడగకుండా బిళ్ళను లాగి నా చేతిలో పెట్టి, ఫోనును పీట మీద ఆనించాడు. వెంటనే ఎక్కింది. తెర మీద పచ్చటి గుండ్రం ఒకటి తిరిగింది.

ఆ బిళ్ళ చేతిలో పెట్టుకుని నేను అనుకున్నవన్నీ ఇక్కడ రాయలేను. ఆరేళ్ళు. ఒకే గదిలో పక్కపక్కన పడుకున్నాం. నేను ఆసుపత్రి వాళ్ళ కాళ్ళు పట్టుకున్నంత పని చేస్తుంటే ఈ పిల్ల పక్కనే నిలబడి చూసింది. కోపం వచ్చింది. కోపం వెనకాలే ఇంకొకటి వచ్చింది. నా కొడుకును ఇంకా ఎవరో వీపున మోస్తున్నారు. నేను ఒక్కదాన్నే అనుకున్నాను.

బిళ్ళను సంచిలో వేసుకుని ఉండవచ్చు. నాది అనుకున్నదే. కానీ ఫోను నాది కాదు. మళ్ళీ గళ్ళగుడ్డలో చుట్టి, టేపు అంటించి, పౌచ్ తొడిగాను. టేపు రెండుసార్లు తప్పింది. అర్షద్ ఓపికగా చూశాడు.

"మరి యేది ఇయ్యమంటావు?"

ఇంటిది ఇయ్యప్పా అన్నాను. అదే ధర్మం అనిపించింది. పోయే మనిషిని ఇంట్లో కుదురుకో అనాలి కానీ, నా కోసం దారిలో ఉండు అనకూడదు.

ఇంటికి వచ్చేసరికి ప్రేమలత గుమ్మంలోనే ఉంది. ఫోను తీసుకుని మొదట వెనక్కి తిప్పి చూసింది, తరువాతే తెర చూసింది. మీ అత్త ఫోను చేసింది, మేరమ్మ, అన్నాను. తరువాత చేస్తాలే అంది. నేను డబ్బా చేతిలో పెట్టాను. పెళ్ళి కానుక, ఇప్పుడే విప్పు అన్నాను. ఆమె విప్పి, అది ఏమిటో తెలియగానే నవ్వి, నా భుజం మీద తల ఆనించింది. డాక్టరు దగ్గరికి పోయిన మాట అబద్ధమన్నమాట అంది. దాని వైరు గోడకు తగిలించింది. ఫోను ఆనించింది.

ఎక్కలేదు. తెర ఒకసారి వెలిగి ఆరిపోయింది.

ఆమె ఇంకోసారి పెట్టింది. అటు తిప్పి పెట్టింది. నాకు వీపు పెట్టి కూర్చుంది కాబట్టి ముఖం కనపడలేదు. పౌచ్ మీద ఆమె వేళ్ళు ఆగిపోవడం కనపడింది.

"పాడైపోయింది ఇచ్చినట్టుండాడు అర్షదన్న. రేపు నేను పోయి మార్చకొస్తాలే."

"పాడైపోలే. అంగట్లో ఎక్కినాది."

  ఆమె మెడ వంగిపోయింది.  

తరువాత చెప్పింది. బట్టల మూట విప్పింది ఆమె. చొక్కా జేబులో బిళ్ళ ఉంది. అప్పటికే వాడి ఫోను నేను పట్టుకుని కూర్చున్నాను, చెప్పులు నేను తీసుకున్నాను, ఫొటో నా దిండు కింద ఉంది. వచ్చినవాళ్ళందరూ నన్నే పట్టుకుని ఏడ్చారు, తల్లి కదా. ఆమె గోడ పక్కన కూర్చుని ఉంది. ఎవరూ తనవైపు చూడనప్పుడు దాన్ని జాకెట్లో పెట్టుకుంది. రెండు రోజులు పోయాక ఇద్దామనుకుంది. రెండు రోజులకు నేను వెతకడం మొదలుపెట్టాను. వెతకడం మొదలుపెట్టాక ఇస్తే, ఇన్నాళ్ళు దాచినావా అంటానని భయం. మూడోసారి బస్సులో చెప్పేద్దామని కిటికీ పక్కన కూర్చుందట. ఊరు వచ్చేసింది.

"ఆయప్పవి అన్నీ నీకాడ ఉండె. నాకొకటి కావాల్సొచ్చినాది అత్తా. నీకు ఇచ్చేస్తే నేను ఆయప్పకు ఏమీ కానట్టు అనిపించినాది."

నేను ఏమీ కానని భయపడుతూ కూర్చున్నదాన్ని. నాకంటే ఆరేళ్ళ ముందే ఈ పిల్ల అదే భయంతో ఇదే ఇంట్లో కూర్చుని ఉందని నాకు తెలియలేదు. కొడుకు పోయినప్పుడు నేను తల్లిని మాత్రమే చూసుకున్నాను. దగ్గరికి పోయి ఆమె జుట్టు సరిచేశాను. సామ్సన్‌కు తెలుసా అని అడిగాను. తెలియదంది. తెలిసినా ఏమీ అనడంది. అతని కారులో ఫోను అంటించే రాయి ఉందట, మొన్న అతను ఫోను అడిగితే ఇవ్వకుండా ఒళ్ళో దాచుకుందట. అతను ఎందుకని అడగలేదట. అడగకపోవడమే బాధగా ఉందంది.

ఆమె పౌచ్ తీసింది. టేపు విప్పి, గళ్ళగుడ్డ తన దగ్గర ఉంచుకుని, బిళ్ళ నా ఒళ్ళో పెట్టింది. నేను వద్దన్నాను. నీది నువ్వే ఉంచుకో, పెట్టెలో పెట్టుకో, ఆ ఇంట్లో ఎవరికీ కనపడని చోట పెట్టుకో అన్నాను. ఆమె తల ఊపింది, ఒప్పుకున్నట్టు కాదు.

"దాచుకున్నది సాలు. ఇది ఉంటే చార్జింగు ఎక్కదు. ఎక్కకపోతే నీకు ఫోను ఎట్ల చేసేది?"

 బిళ్ళ మా ఇద్దరి మధ్యన కాసేపు ఉండిపోయింది. ఎక్కడ పెట్టాలో ఇద్దరికీ తోచలేదు. పెట్టెలో పెడితే పెట్టెలోనే ఉండిపోతుంది. ఫొటో దగ్గర పెడితే ఫొటోలాగే అయిపోతుంది. చివరికి ప్రేమలతే నా బటన్ల ఫోను తీసుకుంది. దాని వెనక మూత ఊడదీసి, బ్యాటరీకీ మూతకూ మధ్య బిళ్ళను పెట్టి, టేపు అంటించి, మూత నొక్కింది. మూత కొంచెం ఉబ్బింది కానీ పట్టింది. నాది వైరు ఫోను. పక్కనుంచి ఎక్కుతుంది. దానికి ఏ బిళ్ళా అడ్డం కాదు.

ఆ తరువాత ఇంటి పీటను డబ్బాలో పెట్టి, దీన్ని మార్చాలత్తా అంది. ఎందుకు, ఎక్కుతోంది కదా అన్నాను.

మరుసటి రోజు అంగట్లో అర్షద్ మూడు డబ్బాలూ మళ్ళీ వరసగా పెట్టాడు. నన్ను చూసి నవ్వు ఆపుకుంటూ, ఈసారి సమాధానం యెవరు చెప్తారు అన్నాడు. ప్రేమలత ఇంటి బొమ్మను చూడలేదు, కారు బొమ్మను చూడలేదు. ప్రయాణానికి అంది. బ్యాటరీని ఫోను వీపుకు అంటించుకుని, ఊపి చూసి, అట్లాగే సంచిలో వేసుకుంది. నేను ఆమెకు చెప్పలేదు ముందురోజు నా చేయి ఏ డబ్బా మీద ఉండిందో. అర్షద్‌కు తెలుసు. వాడు కూడా చెప్పలేదు.

పెళ్ళికి నేను పోలేదు. పోకూడదని కాదు, పోతే అక్కడ నేను ఎవరని పదిమందికి చెప్పవలసి వస్తుంది, పెళ్ళికూతురికి ఆ పని ఎందుకు. ముందురోజు మధ్యాహ్నం సామ్సన్ కారు తెచ్చాడు. ఆమె అన్న ముందు కూర్చున్నాడు. పెట్టె, మిషను వెనక సర్దారు. హజరా బీ కొంగుతో ముక్కు తుడుచుకుంటూ, గంట దారికి ఎవరైనా ఇట్లా ఏడుస్తారా అని నన్ను అడిగింది. నేను అప్పటికి ఏడవడం లేదు. ప్రేమలత చెప్పులు వేసుకుంటుంటే, అలవాటుగా అడిగాను. ఆమె ఫోను నా కళ్ళ ముందు పెట్టింది. వంద. అంత పెద్ద అంకె నేను ఆ ఫోనులో ఎప్పుడూ చూడలేదు. కారు సందు మలుపు తిరిగేదాకా చూశాను. తరువాత ఇంట్లోకి వచ్చి, మిషను ఉండిన చోట నేల మీద నాలుగు గుండ్రటి గుర్తులు ఉంటే, చాప వేసి కప్పాను.

ఒక రోజు పోయింది, రెండో రోజు పోయింది. ఫోను రాలేదు. కొత్త ఇల్లు, చుట్టాలు ఉంటారు, అని చెప్పుకున్నాను. నా ఫోను పనిచేస్తోందో లేదోనని హజరా బీ చేత రెండుసార్లు చేయించుకున్నాను. ఆమె గోడకు అవతల నుంచి చేసి, గోడ మీదుగానే, వినపడిందా అక్కా అని అడిగింది. మూడో రోజు బియ్యం ఏరుతుంటే మోగింది. ఎత్తేటప్పుడు ఉబ్బిన మూత అరచేతికి తగిలింది.

"అత్తా, చార్జి ఉండాదా?"

 ఈ ప్రశ్న నన్ను ఎవరూ అడగలేదు ఇంతవరకు. అడిగేది నేను. ఉండేది నేను, పోయేది వాళ్ళు.

"ఫోనుదా, బస్సుదా?" అన్నాను.

"రెండూ. ఆదివారం రా. మాంసం సామ్సన్ తెస్తాడంట, నువ్వే వండాలంట. మేరమ్మత్త చింతపండు ఎక్కువేస్తాది."

వెనక ఎవరో ఆడమనిషి, ఏమే, నా మీద చాడీలా అంటూ నవ్వడం వినపడింది. ఎట్లా వస్తానమ్మా, ఎవరని చెప్పుకుని రావాలి అని అడగబోయాను. అడగలేదు. ఆమె తెర మీద నేను ఎవరినో నాకు తెలుసు.

ఆదివారం పొద్దున బస్టాండుకు పోయాను. ఆరేళ్ళు అయింది ఆ బస్సు నిలబడే చోట నిలబడి. బోర్డులు మారాయి, అక్షరాలు మారలేదు. మొదటి బస్సు పత్తికొండది, వదిలేశాను. రెండోదాని మీద ఎమ్మిగనూరు అని ఉంది. మకు కింద ఇంకో మ ఉంటుంది. ఎన్నో ఏళ్ళ కిందట అది నేర్చుకోవడానికి నాకు రెండు రోజులు పట్టింది, హనుమన్న తిరిగి వచ్చేటప్పటికి వచ్చేసింది.

 మెట్టు ఎక్కేముందు నడుముకు దోపుకున్న సంచి తట్టి చూసుకున్నాను. సుధాకర్ జేబు తట్టుకున్నట్టే. బస్సు చార్జి ఉంది. ఫోను ఉంది. ఫోను వెనక వాడు ఉన్నాడు.

కండక్టరు లోపలినుంచి, యాడికవ్వా అని అడిగాడు. బోర్డు చదివే ఎక్కినానప్పా, జరుగు, అన్నాను.